రసమట్టం

జిద్రా పై వాటాలో రంపం పట్టింది.
ట్రామ్ దిగి, టోపీ తగిలించి,
టీ అయినా తాగకుండా
రాత్రి ఎనిమిదింటికి మొదలు.
కింద నేను, బూట్ల మడమలు మార్చేవాణ్ణి,
పెదాల మధ్య మేకులు పట్టుకుని వింటాను.
నా టీ కప్పులో సన్నగా పొట్టు రాలుతుంది.

ఏప్రిల్ నెల, లియేపాయ.
గాలికి పుట్టిల్లు ఈ ఊరేనంటారు మావాళ్ళు.
పుట్టింటికొచ్చిన ఆడపడుచులా
అడక్కుండా గదులన్నీ తిరిగి
ఏ తలుపూ వెయ్యకుండా పోతుంది.

నలభై ఏడు యూరోల్లో వంటగది మార్చేస్తానంది.
పందెం ఎవరితోనూ కాదు, తనతోనే.
నోటుబుక్కులో పద్దు రాసింది:
బల్ల పైచెక్కకి, మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ తలుపు. సున్నా.
(పద్నాలుగు అంకె ఇంకా ఉంది. వాసన కూడా.)
కాళ్ళకి, రేవులో పారేసిన పాలెట్లు. సున్నా.
మరలు, రెండు యూరోల నలభై.
రంగు, ఎవరికోసమో కలిపి, కుదరక,
కొట్టువాడు సగం ధరకు వదిలించుకున్న డబ్బా.
పచ్చ అనలేం, నీలం అనలేం.
"పేరుకి వేరే డబ్బులడగలేదుగా" అంది.

నా చిత్రిక అరువిచ్చాను.
అది నడుస్తుంటే పాలెట్ల మీది రేవుల ముద్రలు
చుట్టలు చుట్టలుగా లేచి రాలాయి.
ఉప్పు కాగితం ఏడు ముక్కలరిగింది.
ఎనిమిదో దానికి బదులు
ఆమె అరచెయ్యి సరిపోయేది.

బల్ల నిలబడింది.
మోచెయ్యి ఆనించింది.
టక్.

ఎడమ కాలు వేలెడు కోసింది.
టక్, ఈసారి కుడివైపు.
కుడి కాలు కోసింది.
కోసిన ప్రతి ముక్కా కిటికీలో పేర్చింది,
పారెయ్యడం ఆమెకు చేతకాదు.
వారం రోజులు నా నెత్తిన అదే సంగీతం,
రంపం, నిశ్శబ్దం, టక్, ఒక తిట్టు.
భోజనాల బల్ల కాస్తా మోకాళ్ళ దాకా దిగింది.

ఆడలేక మద్దెల ఓడు అంటారు కదా,
ఈసారి మాత్రం మద్దెలే ఓడు.
ఆ సంగతి ఊరంతటిలో నాకొక్కడికే తెలుసు.

ఆరేళ్ళ కిందట నేనూ గది మార్చుకున్నాను,
నాదీ చిల్లర లెక్కే.
గది నడుమ నిట్రాడలా ఒక కొయ్య,
ఎటు తిరిగినా భుజానికి తగిలేది.
దాన్ని కోసేస్తే చోటూ కలిసొస్తుంది,
చెక్కా కలిసొస్తుంది అనుకున్నాను.
దూలం ఆ రాత్రే ఒకసారి మూలిగింది.
తర్వాత అలవాటు పడిందనుకున్నాను.
అలవాటు పడింది నేను.

ఆదివారం భోజనానికి పిలిచింది.
జేబులో రసమట్టం పెట్టుకుని వెళ్ళాను,
బయటికి తియ్యడానికి ధైర్యం చాల్లేదు.
ఇద్దరం నేల మీదే కూర్చున్నాం, ఆ బల్లకి అదే తగిన ఎత్తు.
గోధుమరంగు బఠాణీలు, వేయించిన పంది కొవ్వు, మజ్జిగ.
నా గరిటె తడబడింది.
ఒక బఠాణీ బల్ల దిగి
నేల మీద దొర్లింది, తొందర లేకుండా,
తెలిసిన ఇంటికి వెళ్తున్నట్టు,
వెళ్ళి వెళ్ళి ఒకచోట ఆగింది.
సరిగ్గా అక్కడే.
దాని కింద నా గది, నా గదిలో
ఆరేళ్ళుగా లేని కొయ్య.

జిద్రా బఠాణీని చూసింది.
తర్వాత నన్ను.
రోజూ పట్టాలు చూసే మనిషి,
ఎక్కడ ఒరిగిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఆ కొయ్య ఇంకా ఉందా?"

"ఉంది. బూట్ల అరలయింది."

కొవ్వు ముక్క తీరిగ్గా నమిలింది.
కిటికీలోంచి గాలి వచ్చి
పేర్చిన ముక్కల్లో ఒకదాన్ని పడేసింది.
నోటుబుక్కు తెరిచి, పెన్సిలు నాలిక మీద తడిపి
చివరి గీత కింద రాసింది:
స్తంభం ఒకటి. సున్నా.
కూలి, కింది వాటా వాడు.

"రంపం నాదే తీసుకెళ్ళు,
దానికిప్పుడు కోయడం బాగా వచ్చు" అంది.