బాణం తీసేసిన రోజు

ఋషికొండ మూడో నంబరు గుట్ట మీద
ఏసీ చలికి శాలువా కప్పుకుని
నేను చేసే పని ఇది:
బల్ల మీది కంప్యూటరుని అరచేతిలోకి దించడం.
గది గదంతా మడతపెట్టి
ట్రంకు పెట్టెలో సర్దినట్టు,
కిటికీలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి
ఏ కిటికీ వెనక ఏముందో మరిచిపోకుండా.

పాత తెరలో మూసే గుర్తు కుడి మూలన
ఆవగింజంత.
బాణానికి అది చాలు.
బాణానికి ఒళ్ళు లేదు, మొన మాత్రమే ఉంది.
ఇన్నేళ్ళూ ఆ మొనకి సరిపడా కట్టుకుంటూ వచ్చాం.

ఒక మంగళవారం తెల్లారగట్ల
మా లీడు భానోజీ ఫిషింగ్ హార్బరుకి పంపాడు,
వేలం లెక్కలు రాసేవాళ్ళ చేతికి టాబ్లెట్ ఇచ్చి
ఎక్కడ తడబడతారో చూసి రమ్మని.

చోడిపల్లి కాసులమ్మ.
గంపకింత, బోటుకింత, ఐసుకింత,
ముప్పై ఏళ్ళ పద్దు నోటి మీదే.
తెరని పైట చెంగుతో తుడిచి
బొటనవేలు పెట్టింది.
మూసే గుర్తు, పక్కన దాచే గుర్తు, పక్కన పెంచే గుర్తు
మూడూ ఆ వేలి కింద మాయం,
చందువా కింద నెత్తళ్ళలా.
"ఏది నొక్కితే ఏటవుతాదో దానికే తెల్దు,
నాకేటి తెలుస్తాది పిల్లా?"

తడి వేలిని యంత్రం గుర్తుపట్టదు.
పొలుసు అంటిన వేలిని మనిషి కిందే లెక్కెయ్యదు.
రాసుకున్నాను: తడి. పొలుసు. వలతాడు కోసిన గాటు.
తరవాత రాసుకోవడం మానేసి చూస్తూ కూర్చున్నాను.

ఒక పేరు మీద వేలు పెట్టబోయి
ఆపింది.
తెరకి గోరంత ఎత్తులో, గాలిలో.
పాటగాడు ఇంకా అరుస్తున్నాడు,
కోనాం ధర ఎక్కుతోంది,
వేలు ఆ ఎత్తులోనే ఆగి వింటోంది.

బాణం ఉన్నన్నాళ్ళూ దీనికో మర్యాద ఉండేది.
దగ్గరికి వెళితే చాలు, గుర్తు కాస్త వెలిగి
తన పేరు తనే చెప్పుకునేది.
నొక్కక్కర్లేదు. మాట ఇవ్వక్కర్లేదు.
మన భాషలో దానికి ఎప్పట్నుంచో మాటుంది,
అంటీ ముట్టనట్టు.
అద్దానికి ఆ మాట రాదు.
ముట్టావా, లేదా. దానికి తెలిసిందంతే.

సాయంత్రం బీచి రోడ్డులో బస్సు ఆగింది.
ఇసుకలో జలాంతర్గామి.
లోతు కోసం కట్టినది,
ఇప్పుడు పక్కన తలుపు, తలుపుకి మెట్లు.
టికెట్టు కొన్న పిల్లలు దాని కడుపులో
తలలు వంచుకుని నడుస్తారు,
రోజుకొకరైనా నుదురు కొట్టుకుంటారు.
లోపల ఏదీ చిన్నది చెయ్యలేదు, అనుకున్నాను,
మనిషి పట్టే తలుపు మాత్రం పెట్టారు.

మర్నాడు కొండెక్కి పిక్సెళ్ళ లెక్క చెరిపేశాను.
"ఎంత వెడల్పు?" అన్నాడు భానోజీ.
పూర్ణా మార్కెట్లో పూలు ఇప్పటికీ మూరతోనే.
బెత్తెడు, జాన, అన్నీ ఒంట్లోంచి పుట్టిన కొలతలే.
"కాసులమ్మ బొటనవేలంత" అన్నాను.
నవ్వి, మిల్లీమీటర్లలో చెప్పమన్నాడు.
కాగితం మీద సిరాతో వేయించుకొచ్చిన ముద్రకి
స్కేలు ఆనించాను:
పంతొమ్మిది.

మూడు గుర్తుల్లో రెండు తీసేశాం.
మిగిలినదాని చుట్టూ
జెట్టీ మీద గంప దించుకునేంత జాగా వదిలాం.
ఆఖర్న బాణాన్ని తీసేశాం.
ఒక్క వరస కోడు. ఎవరూ ఏమీ అనలేదు.
కిందికి దిగి టీ తాగాం.

వారం తరవాత మళ్ళీ హార్బరు.
కాసులమ్మ తెరిచింది, మూసింది, పద్దు రాసింది,
ఒక్కసారి కూడా తప్పలేదు.
బాగుందా అనడిగాను.
"బాగానే ఉంది గానీ పిల్లా,
నొక్కే ముందు ఆలోసించుకోడానికి జాగా ఏదీ?"

పుస్తకంలో ఆ ప్రశ్న పక్కన
ఇంకా ఏమీ రాయలేదు,
గోరంత ఎత్తు, అని తప్ప.