బిగుతు మూత

రోజూ అక్కడే.
గోరిస్ దాటి ముప్పై కిలోమీటర్లు పోయాక,
ఎక్కుడు సగంలో
ఒరిగిన కరెంటు స్తంభం కనబడగానే
నా రొట్టెల బండి ఒకసారి దగ్గుతుంది.
రెండోసారి దగ్గదు.

చప్పుడు పోయినా చక్రాలు ఇంకా దొర్లుతుంటాయి.
భయం అక్కడుంది.
స్టీరింగు చేతుల్లోనే రాయవుతుంది,
బ్రేకు మీద కాలు నిలువునా లేచి నిలబడాలి,
అద్దంలో వెనకాల లారీ
పెద్దదవుతూ ఉంటుంది, పెద్దదవుతూ ఉంటుంది.

అంచుకి లాగి ఆపి
పావుగంట కూచుంటే
ఏమీ ఎరగనట్టు తాళానికి పలుకుతుంది.
మేస్త్రి ముందయితే అసలు మొరాయించదు,
బడి ఎగ్గొట్టిన పిల్ల
తండ్రి ముందు పాఠం అప్పజెప్పినట్టు.

ఏప్రిల్లో ప్లగ్గులు మార్చాడు వాఘినాక్.
కాయిల్ వేడెక్కితే ప్రాణం విడుస్తుందన్నాడు మేలో.
ఫిల్టరు విప్పి, కాఫీ మడ్డి లాంటి బురద
నా అరచేతిలో కొట్టి చూపించాడు:
"ఇదిగో అరుస్యాక్, నీ దొంగ."
ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.
మర్నాడు స్తంభం దగ్గర
దొంగ మళ్ళీ వచ్చాడు.
జూన్‌లో పంపు.
జూలైలో డబ్బుల్లేవు.

పెద్దమ్మ హ్రిప్సిమే అద్దానికి నీలం పూస కట్టింది.
మా మరిది బానెట్ ఎత్తకుండానే తేల్చేశాడు,
లోపం డ్రైవరులో ఉందని.

ఆగస్టు. తారు చెప్పుకి అంటుకుంటోంది.
వెనక అట్టల కింద రెండొందల లవాష్ రొట్టెలు,
సిసియాన్‌లో ఒక పెళ్ళికి.
స్తంభం. దగ్గు. నిశ్శబ్దం.

ఇరాన్ లారీ ఒకటి నన్ను దాటి ఆగింది.
దిగినాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని
"ఫరామర్జ్" అన్నాడు.
ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు.
బానెట్ వైపు చూపించాను.
ఆయన అటు చూడనే లేదు.
బండి చుట్టూ ఒక్క చుట్టు తిరిగి
పెట్రోలు ట్యాంకు మూత పట్టుకుని మెలి తిప్పాడు.

ఉస్స్స్...

ఎంతసేపు!
కొండ దిగిన ముసలమ్మ అరుగు మీద కూలబడినట్టు.
తాళం తిప్పాను. లేచింది.

అప్పుడు గుర్తొచ్చింది.
మార్చిలో బంకు కుర్రాడు పాత మూత
బండి నెత్తిన మరిచిపోయాడు, దారిలో ఎక్కడో రాలిపోయింది.
కొత్తది సంతలో కొన్నాను, మెరిసేది,
"చుక్క కూడా బయటికి పోదు" అని అమ్మినవాడు ఒట్టేశాడు.
నిజమే చెప్పాడు.
చుక్క బయటికి పోలేదు,
గాలి పిసరు లోపలికీ పోలేదు.
ఇంజను పెట్రోలు తాగుతున్న కొద్దీ ట్యాంకు డొల్లవుతూ
తనలో తనే పీల్చుకుపోతూ,
ముప్పై కిలోమీటర్లకి
ఇక ఇవ్వలేనని బిగదీసుకునేది.
తప్పు పట్టడానికి
ఆ మూతలో ఒక్క సొట్ట లేదు.

ఆయన పెట్టెలోంచి చేతి బరమా తీసి
మూతకి సన్నని బెజ్జం పెట్టాడు.
చెవి కమ్మ పట్టేంత.
డబ్బు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాడు.
నాలుగు రొట్టెలిచ్చాను.
అందులో ఒకటి జారి దుమ్ములో పడింది.
తీసి, ఊది, కళ్ళకద్దుకుని
జేబులో పెట్టుకున్నాడు.

వాఘినాక్‌కి చెబితే
మూతని వెలుగుకెత్తి
ఒక కన్ను మూసి బెజ్జంలోంచి నన్ను చూశాడు.
చాలాసేపు చూశాడు.
పంపు డబ్బులు మాత్రం వెనక్కివ్వలేదు.

ఇప్పుడు కూడా
స్తంభం కనబడితే నా వేళ్ళు స్టీరింగు మీద బిగుస్తాయి.
బండి దగ్గదు. ఎక్కుతూనే ఉంటుంది.
నిన్న ఎందుకో
అక్కడే పక్కకి తీసి,
నేనే తాళం తిప్పి ఆపేశాను.
కిటికీ దించాను.
కింద లోయలో ఎవరో గొర్రెల్ని అదిలిస్తున్నారు.
ఇన్నాళ్ళూ ఆ గొంతు
ఒక్కసారీ వినలేదు నేను.