ఒక్క నొక్కు

రాయపేట ఆస్పత్రిలో ఎముకల డాక్టరు
నా కుడి మణికట్టు తిప్పి చూసి
"మూడు వారాలు మౌస్ ముట్టుకోవద్దు" అన్నాడు,
ఉప్పు తగ్గించమన్నంత తేలిగ్గా.

సోమవారం మౌంట్ రోడ్డు ఆఫీసులో
దాని తోక వెనకనుంచి పీకి
డ్రాయర్లో, రబ్బరు ముద్రల పక్కన పడుకోబెట్టాను.
అది తిరిగిన మేర బల్ల వెలిసిపోయి ఉంది,
పొయ్యి జరిపిన చోటులా.

మౌస్ అంటే ఆటో.
"అదిగో, అక్కడ" అంటే చాలు,
మధ్య వీధులతో మనకు పనిలేదు.
ట్యాబ్ అంటే ఇరవై తొమ్మిది సి బస్సు.
ప్రతి స్టాపులో ఆగుతుంది.
పాలసీ నంబరు. పేరు. ఇంటిపేరు.
పుట్టిన తేదీ. పోయిన తేదీ.
నామినీ. నామినీ ఏమవుతారు.
దిగాల్సిన చోటు దాటిపోతే
షిఫ్ట్ పట్టుకుని వెనక్కి నడవాలి.

ఇన్నేళ్లూ నేరుగా 'మొత్తం' దగ్గర దిగిపోయేదాన్ని.
ఇప్పుడు దారిలో మనుషులు తగులుతున్నారు.
పొన్నురంగం, ఆవడి, ముప్పై నాలుగేళ్లు.
నామినీ: చెల్లెలు.

మూడో రోజు ఆల్ట్ నొక్కితే
పైనున్న ప్రతి మాటలో ఒక్కో అక్షరం కింద
గీత మొలిచింది.
పదహారేళ్లు ఈ కుర్చీలోనే ఉన్నాను,
ఎవరూ చెప్పలేదే!
తులసింగాన్ని అడిగితే నవ్వాడు.
"గీతలు నాకేం తెలుస్తాయి మేడమ్?
ఎఫ్ మీదా, జె మీదా తడిమి చూడండి."
తడిమాను.
బియ్యపు నూకంత గరుకు.
"అవి గడపలు. వేళ్లు ఎక్కడ తిరిగినా
అక్కడికొచ్చి నిలబడాలి."

తులసింగానికి పుట్టుకతో చూపు లేదు.
వాళ్లమ్మది నెల్లూరు మాట, అతనిది పెరంబూరు మాట.
చెవిలో తీగ;
ఆ తీగలో ఒక గొంతు తెరంతా చదివిపెడుతుంది,
మనకైతే పోపులో ఆవాలు చిటపటలాడినట్టుంటుంది.
ప్రతి శుక్రవారం ఐదింటికి
అతని కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు,
"మేడమ్, ఒక్క నొక్కు."
వెళ్లి, వంగి,
కుడి మూల ఆకుపచ్చ బటన్ నొక్కి వచ్చేదాన్ని.
ఎడం చేతిలో కాఫీ టంబ్లరు అలాగే ఉండేది.
ఎందుకని ఎప్పుడూ అడగలేదు.
సాయం అనుకున్నాను.
నేను కాస్త మంచిదాన్నని కూడా అనుకున్నాను.

శుక్రవారం వచ్చింది.
నూట పన్నెండు క్లెయిములు కట్టగట్టి
ట్యాబ్ మీద ట్యాబ్ నొక్కుతూ వెళ్లాను.
చివరి గడి దాటగానే
చుక్కల చట్రం ఎగిరి మొదటి గడిలో పడింది.
మళ్లీ నొక్కాను. మళ్లీ.
'పంపు' అనే ఆ ఆకుపచ్చ బటన్
కళ్లెదుటే ఉంది,
బస్సు ఆగని స్టాపు.
షోలింగనల్లూరులోనో ఎక్కడో
ఎవరో కుర్రాడు మౌస్ పట్టుకుని కట్టి ఉంటాడు.
దారి వెయ్యడం మరిచిపోయాడు.
మరిచిపోయానని కూడా తెలిసి ఉండదు.

ఐదయింది. కుర్చీ జరిగింది.
"మేడమ్, ఒక్క నొక్కు."
"నాకూ ఒకటి కావాలి తులసింగం" అన్నాను.

అతను కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత నవ్వాడు,
చెవిలో తీగ ఊడిపడేదాకా,
తొమ్మిదేళ్లు దాచిపెట్టిన నవ్వు.
నాకు వెంటనే రాలేదు.

టీ తెచ్చే మునియమ్మ చేత
ఇద్దరి బటన్లూ నొక్కించాం.
"ఇంతేనా?" అంది,
వేలు కొంగుకి తుడుచుకుంటూ.

మణికట్టు నయమైంది.
బటన్‌కి ఇంకా కాలేదు.
మూడు ఉత్తరాలు రాశాను.
మూడింటికీ ఒకటే జవాబు: పరిశీలనలో ఉంది.
మౌస్ మళ్లీ బల్లెక్కింది, కాదనను,
ఆటో ఎక్కడం ఎవరికి చేదు?
కానీ శుక్రవారం ఐదింటికి
టంబ్లరు కింద పెట్టి వెళుతున్నాను.
నొక్కేముందు
అతని ట్యాబ్ ఒకసారి నొక్కి చూస్తాను,
ఏమో,
ఈ వారం ఆగుతుందేమోనని.