మూరెడు శ్రీ

"ఎంత సైజు అక్షరం సార్?"
విశాఖ నుంచి ఫోనులో మిషను అమ్మే కుర్రాడు.
మూరెడు, అన్నాను.
మూరంటే ఎన్ని మిల్లీమీటర్లని అడిగాడు.
ఎవరి మూర అని అడగొద్దూ ముందు?

నరసన్నపేటలో నాది ఆరడుగుల షట్టరు.
ఇప్పటికీ సగం కొలతలు మోచేతి దగ్గరే మొదలవుతాయి,
ఇరవయ్యేళ్ళు నిచ్చెన మీద
ఎనామిలు పూసిన మోచెయ్యి.

దాలినాయుడు గారి బోర్డు.
హైవే మీద లారీవాడు
గేరు మార్చేలోగా చదివెయ్యాలి:
శ్రీ అసిరితల్లి రైస్ మిల్లు.
"ఒక్క మాట సెప్తన్నాను," అన్నాడాయన.
"శ్రీకి మాత్రం అతుకు పడకూడదు.
మిగతావి నీ ఇష్టం."

కుర్రాడు ఇంగ్లీషు ఏ పెట్టి లెక్క కట్టాడు.
పద్దెనిమిది అంగుళాలకి
రెండడుగుల మిషను బోలెడన్నాడు.
వాళ్ళ అక్షరాలు బెంచీ మీద పిల్లల్లా
ఒకే గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి.
మనవాటికి నెత్తిన బుట్ట, చంకన బిడ్డ,
కాళ్ళకింద ఇంకో అక్షరం.

పాత పేపర్లు ఆరు అతికించి
నేల మీద బొగ్గుతో శ్రీ రాశాను.
పారమ్మ దారం పట్టుకుంది.
ఒళ్ళు పద్దెనిమిది.
పైన గుడిదీర్ఘం ఆరు.
కింద క్రావడి తొమ్మిది.
వెరసి ముప్పై మూడు.
రెండడుగుల మిషనులో రోలర్లు కరుచుకునే అంచులు పోగా
బ్లేడు తిరిగేది ఇరవై మూడే.

"అయితే నాలుగడుగులది తీసేసుకోండి సార్,
లోను కూడా ఉంది."
ఉంటుంది.
స్టాండుతో కలిపి అది ఐదడుగుల పైచిలుకు.
అది లోపలికొస్తే
పారమ్మ బల్ల బయటికెళ్ళాలి,
పట్టకారు పట్టి అక్షరాల కడుపుల్లోంచి
అక్కర్లేనిది పీకే బల్ల.
పైగా రోజూ వచ్చేది శ్రీ కాదు.
బైకు నంబరు, ఆటో వెనక కూతురి పేరు,
ఇచ్చట జెరాక్సు తీయబడును.
జానెడు పనికి నాలుగడుగుల చుట్ట విప్పితే
మిగిలింది ఏ గోడకి అతికించను?

సాయంత్రం ఊడుస్తూ
శ్రీ దగ్గర చీపురు ఆపింది పారమ్మ.
"పడుకోబెట్టకూడదేటి బావూ దీన్ని?
సుట్టకి ఎడల్పేగానీ పొడుగుకి అంతేటుంది?"

దారం అడ్డంగా వేశాం.
ఇరవై రెండున్నర.
ఆ మిగిలిన అర అంగుళం
నాకు అరవై వేలు మిగిల్చింది.

రెండడుగులదే కొన్నాను.
శ్రీ పక్కకి ఒరిగి
చాప పరిచినట్టు బయటికొచ్చింది, ఒక్క ముక్కగా.
బ్లేడు క్రావడి చుట్టూ తిరుగుతున్నంతసేపూ
ఇద్దరం మాట్లాడలేదు.
సి, రి, ల్లి కూడా అలాగే ఒరిగాయి.

చిక్కంతా మి దగ్గర.
నిలబెడితే ఇరవై నాలుగు.
పడుకోబెడితే ఇరవై ఆరు.
ఎటు తిప్పినా కాలో తలో బయటే.
కుర్రాణ్ణి తిట్టాను, మిల్లుని తిట్టాను,
మ ని అంత లావుగా కనిపెట్టినవాణ్ణి తిట్టాను.
తర్వాత వేలితో గాల్లో రాసుకున్నాను.
చెయ్యి దానంతటదే ఒకచోట ఆగింది,
కుంచె లేచే చోట.
మ అయ్యాక కుంచె ఎత్తి, గుడి.
ఎప్పుడూ రెండు ముక్కలే అది.

గుడి విడిగా కోశాను.
పావంగుళం కిందికి దించి
పెంకు మీద పెంకు నేసినట్టు అతికించాను,
వాన అతుకులో దిగకుండా.

నిచ్చెన దిగి, రోడ్డు అవతలికెళ్ళి చూశాను.
నాకే కనబడలేదు.
దాలినాయుడు గారు శ్రీ కింద నిలబడి
మెడ నొప్పెట్టేదాకా వెతికారు.
మి వైపు తల తిప్పలేదు.
పారమ్మ మనవడు, ఒకటో తరగతి,
ఊరంతా వినేలా చదివాడు:
"మకి గుడిస్తే మి!"
"నోర్ముయ్యరా గుంటడా" అంది పారమ్మ,
డబ్బు ఇంకా చేతిలో పడలేదు.