రెండో నలభైఏడు

మాదాపూర్‌లో పదకొండో అంతస్తు.
అద్దం బోర్డు మీద అంకెల వరుస రాసి
"ఇందులో రెండుసార్లు వచ్చినవేవో చెప్పు" అన్నాడాయన,
మార్కర్ నా చేతికిచ్చి.

మొదట అందరూ రాసేదే రాశాను:
ఒక్కోదాన్నీ పట్టుకుని మిగతా అన్నింటి ముందుకూ తీసుకెళ్లడం,
పెళ్లిలో తప్పిపోయిన పిల్లాణ్ణి
"వీడు మీవాడేనా" అని బంతి బంతికీ తిప్పినట్టు.
"పది లక్షలుంటే?" అన్నాడు.
కాసేపు ఏసీ చప్పుడొక్కటే.

అప్పుడు గుర్తొచ్చింది
బాలమల్లు మామ మేకుల పలక.

ముషీరాబాద్‌లో, ఇప్పుడు లేని టాకీసు పక్కన
సైకిల్ స్టాండు ఆయనది.
డాల్డా డబ్బాల రేకు కత్తిరించి, మొలతో అంకెలు పొడిచి
నూట ఇరవై బిళ్లలు తనే చేసుకున్నాడు.
సెకండ్ షో వదిలాక సంచి బోర్లించి
ఏ బిళ్లను దాని మేకుకే తగిలించేవాడు.
దేన్నీ దేనితోనూ పోల్చడు.
మేకు ఖాళీగా ఉందా, లేదా. అంతే.
తూగుతూ టార్చి పట్టేదాన్ని నేను.

ఒక రాత్రి నలభైఏడో మేకు మీద
అప్పటికే ఒక బిళ్ల ఊగుతోంది.
"గిదేందే, ఇంకో నలభైఏడు!"
రెండూ అరచేతిలో పెట్టి చూశాడు.
అదే పసుప్పచ్చ రేకు.
ఒకదానిమీద మాత్రం ఏడు కొంచెం వణికింది.

దొంగ కోసం రెండు రోజులు కాపు కాశాం.
మూడో రోజు తనే వచ్చాడు మొయిన్, ఆరో తరగతి,
పిడికిట్లో చెమట పట్టిన పది రూపాయల జుర్మానాతో.
సినిమాలో బిళ్ల పారేసుకున్నాడట.
ఇంటర్వెల్లో, క్యాంటీన్ వెనక దొరికిన రేకు ముక్కతో
ఇంకోటి చేసుకుని
తన సైకిలే తను తీసుకుపోయాడు.
అసలుది కుర్చీల కింద ఊడుస్తూ
స్వరూపక్క సంచిలో పడేసింది.
మామ తిట్టలేదు. కత్తెర వాడి చేతికిచ్చి
"నూట ఇర్వయొకటి చెయ్, జూస్తా" అన్నడు.

బోర్డు మీద మేకులు గీశాను. ఒక్క చుట్టులో అయిపోయింది.
"పలకకి చోటు లేదనుకో?"
బిళ్లల్నే నేలమీద వరుసగా పరుస్తా సార్.
ఏ అంకె చదివితే అన్నో చోటున్న బిళ్లని బోర్లిస్తా.
ముందే బోర్లా ఉంటే, చదివిన అంకె రెండోసారి వచ్చినట్టు.
మొలతో పొడిచింది కదా,
వెనకనుంచీ చదవొచ్చు.

ఆయన నవ్వాడు. మెయిల్ చేస్తామన్నాడు.
దొరికాక ఏది ఉంచాలో, ఏది తీసెయ్యాలో
అడగలేదు, నయం.
మామ రెండూ ఒకే మేకుకి తగిలించాడు.

రాయదుర్గం స్టేషన్లో ప్లాస్టిక్ బిళ్ల ఇచ్చారు.
బొటనవేలితో రెండువైపులా తడిమాను.
నున్నగా ఉంది.