గీత వంపు

సున్నం డబ్బా నాదండి, గ్రౌండు గవర్నమెంటుది.
ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ ముక్తేశ్వరం యూనివర్సిటీలో
ఫుట్‌బాల్ గ్రౌండుకి గీతలు గీశాను.
ఈ నెలాఖరుకి రిటైర్మెంటు.

ఇది కూతపెట్టి బరి దాటే నేల.
ఇక్కడికి ఫుట్‌బాల్ తెచ్చింది ముసలయ్య గారు.
ఉయ్యాల్లోనే పెట్టిన పేరది, చచ్చేదాకా ముసలితనం రాలేదు.
వాళ్ళ నాన్న రంగూన్ రేవులో బస్తాలు మోశాడంట,
బూట్లేసుకున్న దొరల జట్టుని
ఒట్టికాళ్ళ కూలోళ్ళు ఓడించిన కథ
కొడుక్కి అన్నంలో కలిపి పెట్టాడంట.
కొడుకు ముఖ్యమంత్రి అయ్యాక
మొదటి సంతకం బియ్యం మీద,
రెండోది గోల్‌పోస్టుల మీద.

మ్యాచ్ రోజు కోటిపల్లి రేవులో పంటు ఉచితం.
ఒక పక్కకి ఒరిగిపోయి వచ్చేది, ఆయ్,
పీచు తీసే ఆడవాళ్ళు గోళ్ళలో నారతోనే
గ్యాలరీ ఎక్కేసేవారు.
ముందు వరస వాళ్ళది.
ప్రొఫెసర్లు వెనక నించుని మెడలు సాచేవారు.

గ్యాలరీ కింద గదులు కట్టించాడు.
నెత్తి మీద జనం గంతులేస్తుంటే
కింద కుర్రాళ్ళు కెమిస్ట్రీ బట్టీపట్టేవారు.
ఆ గదుల్లోంచి ఒక కలెక్టరొచ్చాడు,
నలుగురు కండక్టర్లొచ్చారు,
ఒక హత్య కేసు ముద్దాయీ వచ్చాడు,
వాడు మంచి గోల్‌కీపరు.

మంచోడేనా అంటే నేనేం చెప్పను?
ఒకసారి హాఫ్‌టైములో పంచె ఎగ్గట్టి దిగొచ్చి
కోచ్ మెళ్ళో ఈల తీసి
బస్సు తోలుకొచ్చిన డ్రైవరు బొంతు సత్యం మెళ్ళో వేశాడు.
మూడు ఒకటితో గెలిచాం.
సత్యం పదకొండేళ్ళు కోచ్‌గా చేశాడు,
ఆఫ్‌సైడంటే ఏంటో చివరిదాకా తెలీకుండానే.
ఓడిన ఏడు రిజిస్ట్రార్ని ఏజెన్సీకి తోలేశాడు.

ఈ గ్రౌండు పులిదిండి నూకరాజు కొబ్బరితోట.
డబ్బులు వచ్చే దింపుకిస్తామన్నారు.
నూకరాజు ప్రతి మ్యాచ్‌కీ వచ్చేవాడు.
బంతి ఎటెళ్ళినా ఆయన చూపు
పెనాల్టీ చుక్క మీదే.
అక్కడ ఆయన బావుండేది.

నా జీతంలో నెలకి పది రూపాయలు కోత,
చీటీలో 'క్రీ.సం.' అనుంటుంది.
అప్పట్లో అది ఎవరి పెట్టెలో పడేదో
రేవులో పిల్లాడికి కూడా తెలుసు.
ఆయన పోయి ఇరవై ఆరేళ్ళు, పార్టీ కూడా పోయింది.
పది రూపాయలు ఇంకా పోతూనే ఉన్నాయి.
అడిగితే కంప్యూటరు తీసుకుంటందన్నారు.

నేల ఎత్తు చెయ్యమని ఇంజనీర్లంటే
వద్దన్నాడు, గోదారితో ఆడటం కూడా నేర్చుకోమన్నాడు.
అందుకే మావాళ్ళు బురదలో బంతిని
చేపలా జార్చి ఇస్తారు, ఎవడూ ఆపలేడు.
అనంతపురం ఎండు నేల మీద మాత్రం
ఏటా నాలుగు గోల్సు తిని వస్తారు.

ఇహ వంపు సంగతి.
నేను చేరిన మొదటి నెల.
ఆయన రిఫరీని తిడుతూ గీత దగ్గర నిలబడ్డాడు,
కుడికాలి చెప్పు సరిగ్గా నా తాడు మీద.
ముఖ్యమంత్రిని జరగమనడానికి నోరు రాలేదు.
చెప్పు చుట్టూ సున్నం తిప్పాను.
ఆయన కిందకి చూశాడు, నవ్వాడు, జరగలేదు.
మర్నాడు గీస్తుంటే చెయ్యి అలాగే తిరిగింది.
తరవాత్తరవాత అదే కొలతైపోయింది.
కొత్త కుర్రాళ్ళు రూలనుకున్నారు,
ఆ జానెడు వంపులో బంతిని బతికించడం
సీనియర్లు జూనియర్లకి నేర్పారు.

నిన్న కొత్త డైరెక్టరు మేడం టేపు పట్టుకొచ్చింది.
ఏంటి బాబాయ్ ఇది, తిన్నగా గియ్యండి అంది.
తిన్నగానే గీశాను.
చెయ్యి ఒకచోట కొంచెం వణికింది, అంతే.

ఇవాళ సాయంత్రం రెండో హాఫ్‌లో
వింగ్ కుర్రాడు అక్కడికొచ్చి,
లేని వంపులో బంతిని తిప్పి, లోపలికి కొట్టాడు.
అవతలి జట్టు చేతులెత్తింది.
మనవాళ్ళు గోల్ గోల్ అని అరుస్తున్నారు.
లైన్స్‌మన్ జెండా సగం లేపి
నా వైపు చూశాడు.

నేను డబ్బా మూత వెతుక్కుంటున్నాను.