వాసెన తీసిన జాడీ

ముందు కంటితో కాదు, చెవితో చూడాలి.
మధ్యవేలి కణుపుతో భుజం మీద ఒక్కటి కొడితే
కంగుమందా, బతికున్నట్టు.
తప్పుమందా, ఎక్కడో సన్నటి చీలిక
నూనె తాగి పడుకున్నట్టు.

ఆరోగ్యస్వామి నేర్పిన మొదటి పాఠం ఇది.
రెండోది నాలుక.
మెరుపు పూయని అడుగుకి నాలుక కొస ఆనించు,
పట్టుకుంటే కుండ, వదిలేస్తే జాడీ.
పద్దెనిమిదో ఏట, మూర్ మార్కెట్లో,
నలుగురూ చూస్తుండగా
జాడీల అడుగులు నాకినవాణ్ణి నేను.

ఆ మార్కెట్ తగలబడ్డ మర్నాడు
పుస్తకాలవాళ్ళు బూడిద ముందు కూలబడ్డారు.
మేం పారతో తోడాం.
మసి తుడిచి మోగిస్తే
పదకొండు జాడీలూ పలికాయి.
"నిప్పులో పుట్టినదానికి నిప్పు పుట్టిల్లేరా" అన్నాడాయన.
తమిళంలోనే అనుంటాడు,
నాకు మాత్రం తెలుగులో గుర్తుంది.

ఇప్పుడు రాయపేట గడియారం వెనక సందులో
నాది పన్నెండడుగుల కొట్టు.
మొన్న మంగళవారం, ఇంకా వాన మొదలవకముందు,
కొరుక్కుపేట నుంచి వెంగమాంబగారు వచ్చారు,
ఆటోలో, చంటిపిల్లలా జాడీ ఒళ్ళో పెట్టుకుని.
కూర్చోకముందే, "రంగూన్‌ది" అన్నారు.
"మా అమ్మమ్మ ఓడలో తెచ్చింది.
ఏ కోడలి చెయ్యీ తగలనివ్వలేదు."

మెడ కింద బెల్లంపాకం రంగు, నడుం నుంచి గంజి రంగు.
వాసెన గుడ్డ మెడకి దిగజారి ఉంది,
పురికొస ముడి రాయిలా బిగిసింది.
ఒంటి మీద బత్తాయి తొక్క గుంటలు లేవు,
అంటే కొలిమిలో ఉప్పు చల్లింది కాదు.
మోచేతి దాకా చెయ్యి పెట్టాను.
సారె తిరిగిన గీతల్లేవు, నిలువునా ఒక అతుకు. అచ్చు పని.
అడుగు అంచు ఒకపక్కే అరిగింది,
అది నిజం అరుగుదల.
దొంగ పాతదనం చుట్టూ సమంగా అరుగుతుంది,
గరుకు కాగితానికి పక్షపాతం ఉండదు కదా.
మూత మరో జాడీది. గంతకు తగ్గ బొంత.
తడిగుడ్డతో రుద్దితే
కోడిగుడ్డంత ముద్ర పైకి తేలింది,
సగం అక్షరాలు పోయి.

"రంగూన్ కాదండీ. రాణిపేట."
"ఆ పక్కనేనా?"
"బస్సులో మూడు గంటలు."

ఆవిడ జాడీ వంక చూశారు, కాసేపు.
తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు.
"ముసలిది గట్టిదే!
రాణిపేట అంటే
మా అత్తయ్యలు ఊరుకునేవాళ్ళా,
వారానికో జాడీ పగిలేది."

రేటు చెప్పాను, రెండు వేల మూడొందలు.
చెప్పకుండా ఉండాల్సింది కూడా చెప్పాను:
నీలాంగరైలో హోటలు కడుతున్న కుర్రాడొకడు
అడుగున బెజ్జం వేయించి దీపాలు పెడతాడు,
రంగూన్ అని చీటీ ఉంటే ఆరు వేలిస్తాడు.

"అయితే రాసెయ్యండి రంగూనని!
యాభై ఏళ్ళు చెల్లిన మాట,
ఇంకో యాభై చెల్లదా?"

న్యాయమే అనిపించింది ఒక్క క్షణం.
కానీ ఆవిడ మాట వంటింట్లో చెల్లింది,
నాది బిల్లు మీద చెల్లాలి.
కలం మూతి కొరుకుతూ కూర్చున్నాను.
ఆవిడే, "సరే, ఇంకో రెండొందలు వెయ్యండి" అన్నారు.
వేశాను.

మెట్టు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చారు.
ముడి రాలేదు. పళ్ళతో పీకారు.
పసుపో ఆవపిండో, రంగు తేలని ఆ గుడ్డ దులిపి
నాలుగు మడతలు పెట్టి,
"దీనికెంత?" అన్నారు.
"చీరల సంగతి నాకు తెలీదండీ."
"ఎవరికీ తెలీదు లెండి," అని
సంచిలో వేసుకుని బస్సుకి పరిగెత్తారు.

షట్టర్ దించే ముందు ఇంకోసారి మోగించాను.
గుడ్డ పోయిన మెడ
అరమెట్టు పైన పలికింది.
చీటీ రాసి అంటించాను:
రాణిపేట. అచ్చు పని. మూత దీనిది కాదు.